చేతులు మారిన కెమెరా

"ముందు ఆ చుక్క సంగతి చెప్పు," అంది అత్తగారు.

భోజనాల బల్ల మీద, ఉప్పుడబ్బాకీ మంచినీళ్ళ జగ్గుకీ మధ్య కెమెరా ఉంది. అత్తగారు దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. అడుగున, బ్యాటరీ మూత పక్కన, ఆవగింజ కంటే కాస్త పెద్దగా ఆకుపచ్చ గోళ్ళరంగు చుక్క ఉంది. ఆవిడ దాన్ని చూపుడువేలితో పొడుస్తూ నిలబడింది.

"ఆ చుక్క నేను పెట్టిందే అత్తయ్యా," అంది చిన్నకోడలు. "మూడేళ్ళ కిందట స్టూడియో సామానంతటికీ నేనే పెట్టాను. పదిమంది కెమెరావాళ్ళు చేరిన చోట మనవి కలిసిపోకుండా."

"అయితే ఇది మన స్టూడియోదే."

"ఒకప్పుడు. ఇప్పుడు నాది. కొనుక్కున్నాను."

"రిపేరుకిచ్చిన కెమెరాని కొనుక్కోవడమేమిటే? వినేవాళ్ళుంటే చెవిలో పువ్వు పెట్టేట్టున్నావు."

"బిల్లు చూపించాను కదా."

"బిల్లుదేముంది, కాగితం ముక్క. ఎవరైనా రాసిస్తారు."

తలుపు పక్క కుర్చీలో బావగారు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళుగా స్టూడియో నడుపుతున్న మనిషి. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో ఉన్న ఆల్బములకి చివరి పేజీలో ఆయన సంతకం ఉంటుంది. పొద్దున్న కాఫీ తాగుతూ బల్ల మీద కెమెరా చూసి ఆయన అన్నవి రెండే మాటలు. "ఇది మనదే." "రిపేరుకిచ్చిందే." ఆ తర్వాత నోటికి తాళం వేసుకున్నాడు.

ఆ రెండు మాటల మీద అత్తగారు ఒక మేడ కట్టేసింది. చిన్నకోడలు రిపేరు కొట్టుకి వెళ్ళిందట, స్టూడియో వాళ్ళు పంపారని చెప్పి కెమెరా పట్టుకొచ్చిందట, సొంతంగా పనులు ఒప్పుకోవాలని దాన్ని నొక్కేసిందట. తెలిసిన కొట్టువాడెవడో దొంగ బిల్లు రాసిచ్చాడట. బావగారు అవుననలేదు. కాదని కూడా అనలేదు. అత్తగారి మాటలకి చిన్నకోడలికి అంత కోపం రాలేదు. ఆ పేపరు వెనక మౌనానికే ఒళ్ళు మండింది.

"బావగారూ, మీరు చెప్పండి. రిపేరుకి ఏ కొట్టులో ఇచ్చారు?"

పేపరు కదల్లేదు.

"పోనీ, ఏం పాడైందని ఇచ్చారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మాయ్," అన్నాడు ఆయన. పేపరు మడిచాడు. "నాకు అవతల పనుంది." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా, చిన్నబుచ్చుకున్నాడు," అంది అత్తగారు. "సంగతేదో తేలేదాకా ఇది నా బీరువాలో ఉంటుంది." కెమెరా మెడతాడు పట్టుకుని లేవదీసింది.

చిన్నకోడలు రెండో కొస పట్టుకుంది.

"ఉండదత్తయ్యా. మూడింటికి నాకు పనుంది."

"పెద్దదాన్ని చెప్తుంటే..."

"మీరు పెద్దవారే. కెమెరా మాత్రం నాదే."

తాడు కాసేపు ఇద్దరి మధ్యా బిగిసి ఉంది. తర్వాత అత్తగారు వదిలేసింది. ఈ ఇంట్లో ఆవిడ పట్టుకున్నది వదిలెయ్యడం అదే మొదటిసారి. ఆ వింతకి ఆవిడే ముందు ఆశ్చర్యపోయింది.

గోడకి ఆనుకుని నిలబడ్డ చిన్నకొడుకు మాత్రం ఊపిరి కూడా బయటికి వినపడనివ్వలేదు. అన్న ఫొటోలు తీస్తుంటే పక్కన లైటు గొడుగు పట్టుకునే పని అతనిది. స్టూడియోలో అందరూ అతన్ని 'గొడుగు' అనే పిలుస్తారు. ఇటు పట్టుకోమంటే ఇటు, అటు పట్టుకోమంటే అటు. ఇంట్లోనూ అంతే.

గదిలోకి వచ్చాక అతనికి మాటలొచ్చాయి.

"ఆ చుక్క తుడిచేసుంటే ఈ గొడవే ఉండేది కాదు కదా."

"దొంగసొత్తయితే తుడిచేదాన్ని."

"అది కాదు. అంత పెద్ద కొట్టులో ఇదొక్కటే దొరికిందా? వేరేది కొనుక్కోవచ్చుగా."

"వేరేదాన్ని ఎవరు ఎలా వాడారో నాకేం తెలుసు? దీన్ని మూడేళ్ళు నేనే తుడిచాను. ఒక్కసారి కూడా కిందపడలేదు, తడవలేదు. పాత వస్తువు కొనేటప్పుడు తెలిసిన చెయ్యి వాడిందయితే మంచిదనుకున్నాను. అదే నేను చేసిన తప్పు."

"మరి అన్నయ్య రిపేరుకిచ్చింది కొట్టులోకి ఎలా వచ్చింది?"

"ఆ మాట మీ అన్నయ్యనడగండి."

అతను అడగడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను కిటికీ వైపు చూస్తూ, "ఇవాళ్టికి నీ పాత కెమెరాతో కానివ్వరాదూ," అన్నాడు.

"పాతది మార్పిడికిచ్చేశాను. అయినా అది మోగే మోతకేగా కిందటి నెల నన్ను బయటికి పంపింది."

ఆమె మొదటిసారిగా తన పేరు మీద ఒప్పుకున్న పని అది. ఒక నాటక బృందానికి ఫొటోలు. కిందటి నెల రిహార్సల్లో, స్టేజీ మీద ఎవరూ మాట్లాడని ఒక ఘట్టంలో, ఆమె కెమెరా టపటపమంది. దర్శకురాలు నాటకం ఆపేసింది. "నువ్వు బాగా తీస్తావు. కానీ చప్పుడు చెయ్యని కెమెరా ఉంటేనే రా. లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాను," అని మొహం మీదే చెప్పింది. ఇవాళ్టిది ఆఖరి రిహార్సలు. ఇవాళ్టి అవకాశం పోతే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు.

అందుకే పోయిన వారం పాత కెమెరాల కొట్టుకి వెళ్ళింది. నెత్తి మీద ఒక జత, ముక్కు మీద ఒక జత కళ్ళద్దాలు పెట్టుకునే పెద్దాయన కొట్టు అది. ఆమె కెమెరాని తిప్పి చూసి చుక్కని గుర్తుపట్టింది. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా పరీక్షలన్నీ చేసింది. బండికి కిలోమీటర్లలాగా కెమెరాకీ ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క ఉంటుంది, అది చూసింది. తెల్లగోడని ఫొటో తీసి మరకలేమైనా పడ్డాయా అని వెతికింది. లెన్సులోకి టార్చి వేసి బూజు కోసం చూసింది. మెమరీ కార్డులు పెట్టే అరలు రెండూ పనిచేస్తున్నాయా అని చూసింది. డబ్బు పుచ్చుకుని తీసే ఫొటో ఒక్క కార్డునే నమ్ముకుంటే కుదరదు.

"పంతులమ్మ పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తున్నావే," అని నవ్వాడు పెద్దాయన.

"ఇంత బాగుంటే ఎందుకమ్మారండీ?"

"కంటికి ఆనడం లేదన్నాడమ్మా. కొత్త మోడల్ మీదికి మనసు పోయిందేమో అనుకున్నాను."

అప్పుడు ఆమె వ్యూఫైండరుకి కన్ను ఆనించింది. కొట్టంతా ఆవిరి పట్టినట్టు మసకగా కనిపించింది. "పక్కనున్న చిన్న చక్రం తిప్పు, అది ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళు తిప్పుకోవాలి," అన్నాడు పెద్దాయన. ఆ చక్రం చివరిదాకా తిప్పి ఉంది. ఇక ముందుకి తిరగదు. ఆమె ఒక్కొక్క మెట్టూ వెనక్కి తిప్పుకుంటూ వచ్చింది. కొట్టు తేటపడేసరికి ఎనిమిది నెలలుగా అర్థంకానిది కూడా తేటపడింది.

పెద్దాయనకి ఒక పద్ధతుంది. దొంగసరుకు అమ్మాడన్న మాట పడలేడు. పాత వస్తువు అమ్మినవాళ్ళ చేత ఒక పుస్తకంలో సంతకం పెట్టిస్తాడు. కొన్నవాళ్ళ చేత సరిగ్గా దాని పక్కనే పెట్టిస్తాడు. బావగారి సంతకం పక్కన ఆమె తన సంతకం పెట్టి వచ్చింది. ఎవరికీ చెప్పకూడదనుకుంది. పొద్దున్న ఆయన పేపరు వెనక దాక్కోకపోతే ఎప్పటికీ చెప్పేది కాదు.

*

మధ్యాహ్నం స్టూడియోలో బావగారు ఒక్కడే ఉన్నాడు. కంప్యూటరు తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. తెర మీద ఎవరిదో మొహం గుమ్మమంత పెద్దదై ఉంది.

"తలుపు వెయ్యి," అన్నాడు.

"అక్కర్లేదు. నేను అరవడానికి రాలేదు. మీరు నోరు విప్పితే చాలు."

"కొట్టు పెద్దాయన నీ చేతా సంతకం పెట్టించాడా?"

"మీ సంతకం పక్కనే."

ఆయన చెయ్యి మౌస్ మీద నుంచి జారి ఒళ్ళో పడింది.

"చక్రం కూడా చూశాను బావగారూ."

ఆయన కంప్యూటరు తెర ఆపేశాడు.

"డాక్టరుకి చూపించుకున్నాను," అన్నాడు చివరికి. "కుడికన్ను మధ్యలో మచ్చ పడింది. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది. నేను ఏది చూడాలనుకుంటే అదొక్కటే కనిపించదు. ఎడమదానిక్కూడా మొదలైందట. ఆ చక్రం తిప్పి తిప్పి చూశాను. చక్రంతో పోయేది కాదట."

ఆమెకి జాలేసింది. లేదంటే అబద్ధం. ఆమె చేతిలో మొదట కెమెరా పెట్టింది ఈయనే. 'వెలుతురు ఎక్కణ్ణించి వస్తోందో ముందు చూసుకో, మనిషిని తర్వాత చూద్దువుగాని' అని నేర్పిందీ ఈయనే. కానీ జాలి వెనకే కోపం కూడా తోసుకొచ్చింది.

"ఎనిమిది నెలల నుంచి ఫొటోలు మసగ్గా వస్తున్నాయి. కెమెరాని దాని మానాన ఫోకస్ చేసుకోనివ్వమంటే వినలేదు. చేత్తో తిప్పితేనే పనితనం అన్నారు. ఆ ఫోకస్ మొహం మీద కాక చెవి మీదో భుజం మీదో పడేది. అడిగినవాళ్ళతో ఏం చెప్పారు? మా మరదలు ఎడిటింగులో పాడుచేసిందన్నారు."

"ఏదో నోటికొచ్చింది..."

"ఒకావిడ ఫోన్లో నా మీద ఏడ్చింది. వాళ్ళ నాన్న మనవణ్ణి ఎత్తుకున్న ఫొటో అదొక్కటేనట, తర్వాత ఆయన పోయారట. అందులో ఆయన మొహం లేదు, చొక్కా గుండీలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నేను పొరపాటైందండీ అన్నాను. నేను చెయ్యని పొరపాటుకి. ఆడలేక మద్దెల ఓడన్నారట. ఆ మద్దెలని నేనే కదా బావగారూ!"

ఆయన తలెత్తాడు. ఆమెని చూడటానికి మొహం కాస్త పక్కకి తిప్పాడు. అలా తిప్పితేగాని ఆమె ఆయనకి కనిపించదని అప్పుడు అర్థమైంది.

"ఒక మాట వింటావా? కెమెరా నువ్వే ఉంచుకో. అమ్మకి నేను సర్దిచెప్తాను. ఇకనుంచి ఫొటోలన్నీ నువ్వే తియ్యి. నేను పక్కన నిలబడతాను. ఎవరికీ తెలియక్కర్లేదు. ఆల్బము మీద సంతకం మాత్రం నాదే ఉంటుంది."

ఆమెకి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు.

"నా కెమెరాని నాకే ఇస్తున్నారా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది."

"ఇరవై రెండేళ్ళ పేరమ్మాయ్. ఒక్క రోజులో పోతుంది."

"నాకింకా పేరే లేదు. పొద్దున్న పుట్టబోతుంటే దొంగ అన్నారు. సాయంత్రం నేను వచ్చేలోపు అది అబద్ధమని అత్తయ్యతో చెప్పండి. కళ్ళ సంగతి చెప్పుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. అది మీ సొంత విషయం, నా నోటి నుంచి రాదు. మాటిస్తున్నాను."

"చెప్పకపోతే?"

"చెప్పినా చెప్పకపోయినా రేపటి నుంచి ఆ ఎడిటింగు కుర్చీలో నేను కూర్చోను."

గుమ్మం దాటింది. మెట్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడింది. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

*

నాటకం హాల్లో వెలుతురు తక్కువ. స్టేజీ మీద ఒక ముసలి నటి ఎవరిదో చొక్కా మడతపెడుతోంది. మాటల్లేవు. చొక్కా మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. సరిగ్గా ఇక్కడే కిందటి నెల ఆమె కెమెరా మోగింది.

నొక్కింది. చప్పుడు లేదు. అసలు ఫొటో పడిందా అని భయమేసి వెనక తెర చూసుకుంది. పడింది. ముసలావిడ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. మళ్ళీ నొక్కింది. మోకాళ్ళ మీద కూర్చుంది, పక్కకి జరిగింది, స్టేజీ అంచుదాకా వెళ్ళింది. ఎవరూ తల తిప్పలేదు. ఆ గంటన్నరా ఆమెకి అత్తగారు లేదు, బావగారు లేడు, చుక్క లేదు. చాలా రోజుల తర్వాత పనిలో సంతోషంగా ఉంది.

దీపాలు వెలిగాక దర్శకురాలు దగ్గరికొచ్చింది.

"ఇంతకీ తీశావా లేదా? నాకేం వినపడలేదు."

"వినపడకూడదనేగా చెప్పారు."

దర్శకురాలు ఫొటోలు ఒక్కొక్కటే చూసింది. చొక్కా ఫొటో దగ్గర ఆగిపోయింది. ముసలి నటిని పిలిచి చూపించింది. ఆ నటి చూసి, "నేనింత ముసలిదాన్నయ్యానా," అని, "అయ్యానులే," అని తనే నవ్వింది.

"పోస్టరు మీద ఏ స్టూడియో పేరు వెయ్యాలి?" అనడిగింది దర్శకురాలు.

"స్టూడియో లేదండీ. నా పేరు వెయ్యండి."

పేరు చెప్పింది. కాగితం మీద రాసుకుంటుంటే అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో వంగి చూసుకుంది కూడా.

*

ఇంటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చింది.

"వచ్చావా అమ్మా. అలిసిపోయుంటావు. కాళ్ళు కడుక్కునిరా, టీ పెట్టాను."

పెళ్ళయి వచ్చిన నాలుగేళ్ళలో ఆవిడ ఆమె కోసం టీ పెట్టింది లేదు. చిన్నకోడలు గుండె తేలికపడింది. బావగారు చెప్పేశాడన్నమాట. ఎంతైనా పెద్దమనిషే అనుకుంది. పొద్దున్నుంచీ ఆయన మీద పెట్టుకున్న కోపానికి కాస్త సిగ్గుపడింది కూడా. బావగారు తలుపు పక్క కుర్చీలోనే ఉన్నాడు. చేతిలో పేపరు లేదు.

టీ రెండు గుక్కలు తాగింది.

"అయిందేదో అయింది," అంది అత్తగారు, పక్కన కూర్చుని. "చిన్నదానివి, ఏదో ఆశపడ్డావు. మీ బావగారు పెద్ద మనసు చేసుకున్నాడు. 'పోనీలే అమ్మా, దాన్నే ఉంచుకోనీ, ఇంట్లో పిల్లేగా' అన్నాడు నాతో. ఆ కెమెరా నీకే ఇచ్చేశాడు. ఇక ఈ మాట నలుగురిలో పడకుండా చూసుకుందాం."

"అన్నయ్య అసలేమీ అనలేదు," అన్నాడు గొడుగు, ఉత్సాహంగా. "నిన్ను క్షమించేశాడు."

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"దేనికి?"

గొడుగు తల్లి వైపు చూశాడు.

"నేను దొంగతనం చేశానని క్షమించారా, చెయ్యలేదని క్షమించారా? బావగారూ, మిమ్మల్నే."

"ఎందుకే మళ్ళీ మొదలెడతావు?" అంది అత్తగారు. "మంచిగా సర్దుకుపోతుంటే..."

"దొంగనని ఒప్పుకుని సర్దుకుపోవడం నాకు చేతకాదత్తయ్యా. తిట్టండి, పడతాను. క్షమిస్తే మాత్రం పడను." గ్లాసు పక్కకి జరిపింది. "ఆ కొట్టులో ఒక పుస్తకముంది. పాత వస్తువు ఎవరమ్మారో, ఎవరు కొన్నారో పక్కపక్కన సంతకాలుంటాయి. కొన్నదాని కింద నాది. అమ్మినదాని కింద ఎవరిదో మీరే వచ్చి చదువుకోండి. రేపు పదింటికి తెరుస్తారు."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పెద్దకొడుకు వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఆ తల్లి ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. ఎవడు ఎప్పుడు నేల చూస్తాడో ఆవిడకి తెలుసు.

"రేపెందుకు?" అంది లేచి. "ఎనిమిదిదాకా కొట్టు మూయడుగా. పదండి." గుమ్మం పక్కన చెప్పుల్లో ఒకదానిలో కాలు పెట్టింది. "పెద్దాడా, నువ్వూ రా."

పెద్దాడు కదల్లేదు.

గొడుగు తల్లిని చూశాడు, భార్యని చూశాడు. గోడకి కొట్టిన మేకుకి వేలాడుతున్న బండి తాళం తీసుకున్నాడు. "అన్నయ్యా, బండి తియ్యనా?" అన్నాడు. గొంతు గట్టిగా లేదు. అయినా పుట్టి బుద్ధెరిగాక అన్నని అతను నిలదీసింది అదే మొదటిసారి.

"అక్కర్లేదురా," అన్నాడు బావగారు. "ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆ సంతకం నాదే."

అత్తగారు ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది.

"నువ్వమ్మావా? మరి రిపేరన్నావు? పొద్దున్నుంచీ ఆ పిల్లని నా చేత నానా మాటలూ అనిపించావు కదరా! ఎందుకమ్మావు?"

ఆయన మెల్లగా చిన్నకోడలి వైపు తిరిగాడు. 'నువ్వే చెప్పెయ్యమ్మా' అన్నట్టుంది ఆ మొహం. ఆమె ఒక్క మాట అంటే చాలు, తన పేరు మీద పడ్డ మచ్చంతా ఈ క్షణంలోనే తుడుచుకుపోతుంది.

"నా వైపు చూడకండి బావగారూ," అంది. "నేను చెప్పనని మాటిచ్చాను. చెప్పాల్సింది మీరే."

అత్తగారు వేసుకున్న చెప్పు కూడా విడిచేసింది. కుర్చీ ఒకటి లాక్కుని పెద్దకొడుక్కి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"చెప్పరా," అంది. "నా మొహం చూసి చెప్పు."